పెద్ద సర్వర్ కొన్నా బిల్లింగ్ ఎందుకు నెమ్మదిస్తుంది?

విజయవాడ వన్‌టౌన్ బట్టల హోల్‌సేల్ షాపుల్లోనూ, ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ డీలర్ల దగ్గరా, గుంటూరు పట్నంబజారు కొట్లలోనూ కంప్యూటర్ల గురించి వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే. పొద్దున షాపు తీసినప్పుడు సాఫ్ట్‌వేర్ బాగానే ఉంటుంది. సాయంత్రం పార్టీలు వచ్చి అన్ని కౌంటర్లలో బిల్లులు పడే సమయానికి మాత్రం స్టాకు చూడాలంటే నిమిషం, లెడ్జర్ తీయాలంటే రెండు నిమిషాలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు సర్వర్ మార్చమంటారు. హార్డ్‌వేర్ వాళ్లు ర్యామ్ పెంచమంటారు. లక్షో లక్షన్నరో పెట్టి కొత్త మెషీన్ దించుతారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే టెన్షన్.

కొత్త మెషీన్ చెడ్డదేమీ కాదు. కౌంటర్‌కీ సర్వర్‌కీ మధ్య కేబుల్ మీద అసలేం నడుస్తోందో ఎవరూ చూడలేదు, అంతే. ఆ ఒక్కటి తెలిస్తే డిస్క్ ఎలాంటిది కావాలి, స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె) ఎంతది కావాలి, వైఫై పనికొస్తుందా, గుంటూరు బ్రాంచిని విజయవాడ ఆఫీసుతో ఎలా కలపాలి అనే ప్రశ్నలు చాలావరకు తేలిపోతాయి. అది తెలుసుకోకుండా కొన్న సర్వర్ ఎంత ఖరీదైనదైనా సమస్య ఉన్నచోటికి చేరదు.

కేబుల్ మీద ఏం వెళ్తోంది

వ్యాపార సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్‌లో పనిచేసే పద్ధతులు మూడు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఫైల్ షేరింగ్. ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుంటే, సిల్వర్ లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే. గోల్డ్ తీసుకుంటే ఒకే ల్యాన్‌లో (షాపు లోపలి నెట్‌వర్క్‌లో) ఉన్న కంప్యూటర్లన్నిటిలో వాడుకోవచ్చు. మామూలుగా చేసేదేమిటంటే డేటా ఫోల్డర్‌ను ఒక మెషీన్‌లో పెట్టి, షేర్ చేసి, మిగతావాటి నుంచి దాన్నే తెరుస్తారు. ఆ మెషీన్‌ను అందరూ సర్వర్ అనే పిలుస్తారు. నిజానికి అది చేస్తున్నది ఫైళ్లను దాచి, అడిగినప్పుడు ఇవ్వడం మాత్రమే. లెక్క వేసే పని అంతా కౌంటర్ దగ్గరి కంప్యూటర్‌దే. ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు డేటాబేస్ ప్రోగ్రాం రోజుల్లో రాసిన బిల్లింగ్ ప్యాకేజీలు ఇప్పటికీ కొన్ని షాపుల్లో నడుస్తున్నాయి, అవీ ఈ కోవలోవే.

రెండోది అసలైన క్లయింట్-సర్వర్. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ ఒక మెషీన్‌లో కూర్చుంటుంది. కౌంటర్ నుంచి ప్రశ్న వెళ్తుంది, జవాబు మాత్రమే తిరిగి వస్తుంది. డేటా ఫైళ్లను ఆ డేటాబేస్ తప్ప వేరెవరూ ముట్టుకోరు. పాత కొట్టులో లోపలి గదిలో ఆవర్జా పుస్తకాలున్నాయి అనుకుంటే, ఫైల్ షేరింగ్‌లో ఒక పార్టీ బాకీ చూడాలన్నా పుస్తకాలు కౌంటర్ దాకా మోసుకురావాలి. క్లయింట్-సర్వర్‌లో లోపల కూర్చున్న గుమస్తా పుస్తకం చూసి అంకె చెబుతాడు. ట్యాలీ వాడేవాళ్లకు కూడా ఈ దారి ఉంది. ట్యాలీప్రైమ్ సర్వర్ అని విడిగా ఒక ప్రోడక్ట్ వస్తుంది. అది పెడితే కౌంటర్లు డేటా ఫోల్డర్‌ను నేరుగా తెరవవు.

మూడోది రిమోట్ డెస్క్‌టాప్. ఇందులో సాఫ్ట్‌వేర్, డేటా రెండూ ఒకే చోట నడుస్తాయి. కేబుల్ మీద వెళ్లేవి కీబోర్డు నొక్కుళ్లు, మౌస్ కదలికలు, తిరిగి వచ్చే స్క్రీన్ బొమ్మ.

షాపులో ఉన్నది ఏ పద్ధతో తెలుసుకోవడం కష్టం కాదు. కౌంటర్ కంప్యూటర్‌లో జెడ్ డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన డ్రైవ్ (వేరే మెషీన్ ఫోల్డర్‌ను ఇక్కడి డ్రైవ్‌లా చూపించేది) ఉండి, సాఫ్ట్‌వేర్ డేటా దారి అక్కడికే చూపిస్తుంటే అది ఫైల్ షేరింగ్. సెట్టింగ్స్‌లో సర్వర్ పేరు, పోర్టు నంబరు, డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగితే అది క్లయింట్-సర్వర్, అంటే డేటాబేస్ పద్ధతి. ఈ తేడా తెలుసుకోకుండా కొటేషన్ తీసుకోకూడదు. ఎందుకంటే ఫైల్ షేరింగ్ నడుస్తున్న చోట సర్వర్ ప్రాసెసర్ ఎంత పెంచినా రిపోర్టు వేగం పెరగదు. లెక్క అక్కడ జరగడం లేదు కదా. అలాంటి షాపులో కౌంటర్ కంప్యూటర్లకు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), 8 జీబీ ర్యామ్ వేసి, మధ్యలో ఉన్న కేబుల్‌ను బాగుచేస్తే వచ్చే ఫలితం కొత్త సర్వర్‌తో రాదు.

కేబుల్, స్విచ్

అన్నిటికంటే తక్కువ శ్రద్ధ దక్కేది కేబుల్‌కే. గోడల్లో, మెట్ల పక్కన, ఫాల్స్ సీలింగ్ పైన ఉండిపోతుంది కాబట్టి ఒకసారి వేశాక ఎవరూ దాన్ని తలుచుకోరు.

నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) వేగానికి రెండు జతలు చాలు. దానికి పది రెట్లయిన 1 జీబీపీఎస్ రావాలంటే నాలుగు జతలూ బాగుండాలి. ఒక్క తీగ తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా కనెక్షన్ చాలాసార్లు ఆగిపోదు, చప్పుడు చేయకుండా 100కి పడిపోతుంది. పని జరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంకో అలవాటు ఉంది. కేబుల్ ఖర్చు మిగిల్చడానికి ఒకే కేబుల్‌లోని రెండు జతలు ఒక కంప్యూటర్‌కి, మిగిలిన రెండు జతలు ఇంకో కంప్యూటర్‌కో కెమెరాకో ఇచ్చేస్తారు. అక్కడ జీబీపీఎస్ స్విచ్ పెట్టినా లాభం లేదు.

ఈ తేడా ఎంతంటే, 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకు 11 నుంచి 12 మెగాబైట్లు వెళ్తాయి. 1 జీబీపీఎస్ మీద 110 దాకా వెళ్తాయి. ఏడాది స్టాకు రిపోర్టుకు 200 మెగాబైట్ల డేటా చదవాల్సి వస్తే మొదటిదానిలో 17, 18 సెకన్లు, రెండోదానిలో రెండు సెకన్లలోపు. అదీ ఒక్కరే అడిగితే. అయిదు కౌంటర్లు ఒకేసారి అడిగితే సర్వర్‌కు వెళ్లే ఆ ఒక్క కేబుల్‌నే అందరూ పంచుకోవాలి. సాయంత్రం ఆరు గంటల నెమ్మది చాలాచోట్ల ఇదే. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూస్తే 1000 ఉందో 100 ఉందో తెలిసిపోతుంది. ప్రతి మెషీన్‌లో ఒక్క నిమిషం పని. లక్షన్నర ఖర్చు పెట్టే ముందు ఈ నిమిషం పెట్టాలి.

కేబుల్ కొనేటప్పుడు దాని మీద క్యాట్ 6 అని రకం రాసి ఉంటే చాలదు. అల్యూమినియం మీద రాగి పూత పూసినది కూడా అదే పేరుతో, చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. అది తొందరగా విరుగుతుంది, కనెక్టర్ దగ్గర వదులవుతుంది, ఎక్కువ దూరం నిలబడదు. పూర్తి రాగి అని అడిగి తీసుకోవాలి. స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా 100 మీటర్లు దాటకూడదు. కరెంటు వైర్లు వెళ్లే పైపులోనే దీన్నీ దూర్చకూడదు. షాపు ఒక బిల్డింగ్‌లో, గోడౌన్ ఎదురు బిల్డింగ్‌లో ఉండి రెంటికీ వేర్వేరు మీటర్లు ఉంటే రాగి కేబుల్ వద్దే వద్దు. రెండు చోట్ల ఎర్తింగ్ తేడాతోనో, పిడుగు పడ్డప్పుడో అటూ ఇటూ ఉన్న పోర్టులు రెండూ కాలిపోతాయి. ఫైబర్ వేసి, చివర్లలో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టెలు) పెడితే ఆ భయం ఉండదు. ఇవాళ అది పెద్ద ఖర్చు కూడా కాదు.

స్విచ్ విషయంలో చూడాల్సింది ధర కన్నా అమరిక. టేబుల్ కింద ఒక అయిదు పోర్టుల స్విచ్, దాని నుంచి ఇంకోటి, అక్కడి నుంచి మూడోది అంటూ గొలుసులా కడుతూ పోతే మధ్యలో ఉన్న ఒక్క పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ దాని వెనక ఉన్న కౌంటర్లన్నిటినీ బిగించేస్తుంది. పైగా ఖాళీగా వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో మంచి మనసుతో తెచ్చి అదే స్విచ్‌లో గుచ్చితే లూప్ ఏర్పడి, డేటా అక్కడక్కడే తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది. అన్ని కేబుళ్లూ ఒకే చోటికి వచ్చే 16 లేదా 24 పోర్టుల గిగాబిట్ స్విచ్, ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా ఒక నంబరు ఉంటే చాలు. సీసీ కెమెరాలు అదే దారిలో వెళ్తుంటే వాటి బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ పంపితే 16 కెమెరాలకు 64. పాత స్విచ్‌ల మధ్య ఉన్న 100 ఎంబీపీఎస్ లైన్‌లో బిల్లింగ్‌కు మిగిలేది మూడోవంతే.

వైఫై గురించి వాదన ఎప్పుడూ ఉండేదే. దీనికి జవాబు కూడా పద్ధతిని బట్టి మారుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో సిగ్నల్ పోతే స్క్రీన్ మాత్రమే ఆగుతుంది, పని సర్వర్‌లో అలాగే ఉంటుంది. డేటాబేస్ పద్ధతిలో సగంలో తెగిన బిల్లును డేటాబేస్ తనే వెనక్కి తీసేస్తుంది. ఫైల్ షేరింగ్‌లో మాత్రం కౌంటర్ కంప్యూటరే ఫైల్‌లోకి రాస్తుంటుంది, రాత మధ్యలో తెగితే ఫైల్ పాడయ్యే ప్రమాదం నిజమైనది. అక్కడ వైఫైతో బిల్లింగ్ చేయకూడదు. పక్కపక్క షాపులు గోడకు గోడ ఆనుకుని, ప్రతి దాంట్లో ఒక రౌటర్ ఉండే మార్కెట్లలో అసలే వద్దు.

మెషీన్ ఎంపిక

ఇక్కడ మొదట డబ్బు పెట్టాల్సింది డిస్క్ మీద. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది. చెదురుమదురుగా ఉన్న డేటాను సెకనుకు 100 సార్లకు మించి అందించలేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ వేల సార్లు అందిస్తుంది. పదిమంది ఒకేసారి పది రకాల ఎంట్రీలు వేసే చోట ఈ ఒక్క మార్పు మిగతా మార్పులన్నిటినీ మించిపోతుంది. ఇంకా హార్డ్ డిస్క్ మీద డేటాబేస్ నడుపుతున్న షాపు ఉంటే, వేరే ఏదీ ముట్టుకోకుండా ముందు ఇది మార్చాలి.

ర్యామ్ దగ్గర ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. చాలా బిల్లింగ్, ఈఆర్‌పీ (వ్యాపారం మొత్తం లెక్కలు ఒకేచోట చూసే) ప్యాకేజీలు ఉచితంగా వచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తాయి. అది డేటాను నిలుపుకోవడానికి సుమారు 1.4 జీబీ ర్యామ్‌ను, గరిష్ఠంగా నాలుగు కోర్లను మాత్రమే వాడుకుంటుంది. దాని కోసమే 64 జీబీ ర్యామ్, 16 కోర్ల ప్రాసెసర్ కొంటే ఎక్కువ భాగం ఖాళీగా కూర్చుంటుంది. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదన్న హద్దు కూడా ఉంది (2025 వెర్షన్‌లో దాన్ని 50కి పెంచారు). హద్దు నిండిన రోజు కొత్త ఎంట్రీలు పడవు. బిల్లులతో పాటు స్కాన్ చేసిన కాగితాలను కూడా డేటాబేస్‌లోనే పెట్టే ప్యాకేజీలు ఈ హద్దును తొందరగా తాకుతాయి. ఏడాదికి ఎంత పెరుగుతోందో చూసుకుంటూ ఉండాలి.

ఆరేడు కౌంటర్ల షాపుకు బ్రాండెడ్ టవర్ సర్వర్ అవసరం లేదు. రెండు ఎస్‌ఎస్‌డీలు జతగా పెట్టిన, 16 జీబీ ర్యామ్ ఉన్న మంచి డెస్క్‌టాప్ సరిపోతుంది. తప్పనిసరైనది ఒక్కటే, దాని ముందు ఎవరూ కూర్చోకూడదు. సర్వర్ అన్న మెషీన్ మీదే క్యాషియర్ బిల్లులు వేసి, వాట్సాప్ వెబ్ తెరిచి, పెన్‌డ్రైవ్‌లు గుచ్చి, రాత్రి ముందుగా ఆపేసి వెళ్లిపోయే ఏర్పాటు దాదాపు ప్రతి చిన్న ఆఫీసులో ఉంది. సగం సమస్యలకు పుట్టిల్లు అదే. స్లీప్ మోడ్ తీసేసి, అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ అయ్యే సమయం రాత్రికి మార్చి, మానిటర్ లేకుండా పక్కన పెట్టేయాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి అందరి డేటా ఉండే మెషీన్‌ను దాని మీద ఉంచడం సబబు కాదు. విండోస్ 11 లైసెన్సు ప్రకారం బయటి నుంచి ఒకేసారి 20 కనెక్షన్లే. అది దాటే సంస్థకు విండోస్ సర్వర్, దానికి యూజర్ లైసెన్సులు, ఈసీసీ మెమరీ (తప్పులను తనే సరిచేసుకునే ర్యామ్) ఉన్న అసలు సర్వర్ మెషీన్ కొనడం న్యాయమైన ఖర్చు.

కరెంటు, వేడి, వరద

పుస్తకాల్లో నాలుగు వాక్యాలతో సరిపెట్టే ఈ విషయం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాలుగు పేజీలు కోరుతుంది. గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్ మోటార్లు స్టార్టయినప్పుడల్లా వోల్టేజి ఒక్కసారి దిగి లేస్తుంది. అలాంటి చోట చవక యూపీఎస్ రోజంతా టక్కుటక్కుమంటూ మారుతూ ఉంటుంది, బ్యాటరీ తొందరగా పోతుంది. సర్వర్ వరకైనా ఆన్‌లైన్ యూపీఎస్ (మారడమన్నది లేకుండా ఎప్పుడూ నిలకడైన కరెంటు ఇచ్చేది) పెట్టుకోవాలి. మామూలు షాపుకు లైన్ ఇంటరాక్టివ్ రకం (వోల్టేజి కాస్త సర్దుతూ, కరెంటు పోతే బ్యాటరీకి మారేది) చాలు. యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటే అది మోయగలిగేది సుమారు 360 వాట్లే, దాన్ని సర్వర్‌కు కేటాయించి ప్రింటర్‌ను దూరంగా ఉంచాలి.

చాలామంది మరిచిపోయేది స్విచ్‌ను. సర్వర్‌కు యూపీఎస్ ఉంటుంది, కౌంటర్లకూ ఉంటుంది, గోడకున్న నెట్‌వర్క్ స్విచ్ మాత్రం నేరుగా కరెంటు ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ అర నిమిషంలో కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, వాటి మధ్య దారి మాత్రం తెగిపోతుంది. ఫైల్ షేరింగ్‌లో అప్పటికి తెరిచి ఉన్న ఫైళ్లన్నీ ఒకేసారి మధ్యలో ఆగుతాయి. ట్యాలీలో డేటా రిపేర్ చేయించుకోవాల్సి వచ్చే సందర్భాల్లో ఇదొకటి. పది పదిహేను వాట్లు తీసుకునే స్విచ్‌ను సర్వర్ యూపీఎస్‌కే కలిపితే సరిపోతుంది. యూపీఎస్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటే దాన్ని సర్వర్‌కు పెట్టి, బ్యాటరీ అడుగంటినప్పుడు మెషీన్ తనంతట తనే మూతపడేలా సెట్ చేయాలి. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో కొలిపించాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించితే ముందు అది సరిచేయించాలి.

మే నెలలో బెజవాడ ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఎన్నేళ్లు వస్తుందో, ఆపైన సుమారు పది డిగ్రీలు పెరిగితే అందులో సగం కాలమే వస్తుంది. అటక మీద, రేకుల కింద పెట్టిన యూపీఎస్ ఏడాదికే చేతులెత్తేయడానికి కారణం అదే. యజమాని ఏసీ క్యాబిన్‌లో ఒక మూల సర్వర్‌కు ఇవ్వడం మంచిది. మిర్చి యార్డు పరిసరాల్లోనైతే ఘాటైన దుమ్ము ఫ్యాన్లలోకి చేరుతుంది, మూసిన గది, నెలకోసారి శుభ్రం తప్పదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నేల మీద, టేబుల్ కింద పెట్టిన సీపీయూకు అలాంటి రోజున మూడు అడుగుల నీళ్లు చాలు. సర్వర్‌ను పై అంతస్తులోనో, కనీసం మనిషి భుజం ఎత్తు ర్యాక్‌లోనో పెట్టాలి. దాని బ్యాకప్ అదే బిల్డింగ్‌లో ఉంటే అది బ్యాకప్ కిందికి రాదు.

రెండు డిస్క్‌లను జతచేసే రైడ్ కూడా బ్యాకప్ కాదు. ఒక డిస్క్ పోతే పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. తప్పుగా చెరిపేసినది రెండింటిలోనూ చెరిగిపోతుంది. 2017 మేలో ప్రపంచమంతా వ్యాపించిన వాన్నాక్రై దాడి మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకింది. అది పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం గుండానే. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. ఇలాంటి వైరస్ మ్యాప్ చేసిన డ్రైవులనూ, ఎప్పుడూ తగిలించి ఉంచే యూఎస్‌బీ డిస్క్‌నూ కలిపే లాక్ చేస్తుంది. కాబట్టి రెండు డిస్క్‌లు మార్చి మార్చి వాడుతూ, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండేలా చూడాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ను ఊరికే కాపీ చేయకుండా డేటాబేస్ బ్యాకప్ కమాండ్‌తోనే తీయాలి. మూడు నెలలకోసారి దాన్ని వేరే మెషీన్‌లో తెరిచి నిన్నటి బిల్లు కనిపిస్తుందో లేదో చూడాలి. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు ఉంచమంటోంది. కంపెనీగా రిజిస్టరైన సంస్థలైతే రోజూ బ్యాకప్ భారత్‌లోని సర్వర్‌లో ఉంచాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో చూపే రికార్డు) ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి.

బ్రాంచి

విజయవాడకూ గుంటూరుకూ మధ్య 35 కిలోమీటర్లు. ఇంటర్నెట్ లెక్కలో ఆ దూరం వేరు. రెండు చోట్లా వేర్వేరు కంపెనీల కనెక్షన్లుంటే డేటా హైదరాబాదో చెన్నైయో తిరిగి రావచ్చు. క్లయింట్-సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒక స్క్రీన్ తెరవడానికి వందల ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది. 400 ప్రశ్నలు అనుకుంటే, షాపు లోపల ఒక్కోదానికి అర మిల్లీసెకను చొప్పున 0.2 సెకన్లు. ఇంటర్నెట్ మీద 20 మిల్లీసెకన్ల చొప్పున 8 సెకన్లు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కి మార్చినా ఈ 8 సెకన్లు తగ్గవు, ఎందుకంటే ఆలస్యం లైన్ వెడల్పులో లేదు, రానూపోనూ ప్రయాణంలో ఉంది. బ్రాంచికి రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి నప్పేది అందుకే. ప్రశ్నలన్నీ విజయవాడ సర్వర్ దగ్గరే తేలిపోయి గుంటూరుకు స్క్రీన్ మాత్రం వస్తుంది. దానికి విండోస్ సర్వర్, రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కావాలి. మామూలు విండోస్‌లో ఒకరు లాగిన్ అయితే ఇంకొకరు బయటికి పోతారు. దాన్ని దొంగ ప్యాచ్‌లతో దాటించేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట వినకూడదు.

అంతకంటే ప్రమాదం, రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం. అలా తెరిచిన మెషీన్ కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే రహస్య దారి) గుండా మాత్రమే లోపలికి రానివ్వాలి. చాలా ఫైబర్ కనెక్షన్లలో విడి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరుకోవడానికి ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, మారని చిరునామా అయిన స్టాటిక్ ఐపీ అడిగి డబ్బు కట్టి తీసుకోవాలి.

టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లును ఆన్‌లైన్‌లో ప్రభుత్వ పోర్టల్‌కు పంపి నంబరు తెచ్చుకోవడం) తప్పనిసరి అయ్యాక ఇంటర్నెట్ కూడా బిల్లింగ్‌లో భాగమైంది. ఫైబర్‌కు తోడు ఒక 4జీ లేదా 5జీ లైన్ ఉండాలి. ఫైబర్ కంపెనీ మారినప్పుడు వచ్చే ఇంకో చిక్కు ఉంది. కొత్త రౌటర్ వేరే వరుస ఐపీ నంబర్లు ఇస్తుంది, పాత నంబరుతో సర్వర్‌ను వెతికే కౌంటర్లన్నీ ఆగిపోతాయి. కంపెనీ రౌటర్ వెనక సొంత రౌటర్ ఒకటి పెట్టుకుని, సర్వర్‌కు మారని నంబరు ఇస్తే బయట ఏం మారినా లోపల కదలదు.

ఇవన్నీ మార్చడానికి రోజును ఎంచుకోవడం కూడా సెటప్‌లో భాగమే. మార్చి చివర్లో, పండగ సీజన్‌లో ఎవరూ చేయించకూడదు. మిర్చి వ్యాపారులకు యార్డు వేసవి సెలవులు అనువైన సమయం, మిగతావాళ్లు తమ వ్యాపారంలో మందకొడి నెల చూసుకోవాలి. మొదట కేబుల్, స్విచ్, యూపీఎస్ మార్చి వారం పాటు పాత సర్వర్‌తోనే నడపాలి. వేగం అప్పటికే సరిపోతే కొత్త మెషీన్ డబ్బులు బ్యాంకులోనే ఉంచుకోవచ్చు.